ఎరుపు నీలం లైట్ల మాహాత్మ్యం

బండి అన్నాక దాని నెత్తిన ఎరుపు నీలం లైట్లు కొట్టుకోవాల్సిందే! లైట్లు లేని బండిని చూస్తే నాకు జాలేస్తుంది. దాన్ని ముండమోసిన బండి అనేవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాట నేను అనను. దాని రుచి నాకు తెలుసు.

ఎవరో పెద్దమనుషులు పేపర్లలో రాస్తున్నారు. ఈ లైట్లు అంబులెన్సులకూ, ఫైరింజన్లకూ, పోలీసు బండ్లకూ మాత్రమే ఉండాలట! మిగతా వాళ్లంతా తీసేయాలట! ఎందుకండీ? వెలుగు వాళ్ల అబ్బసొత్తా?

నా చిన్నప్పుడు బుగ్గ కారు అంటే కలెక్టరు గారిదే. ఏడాదికోసారి ఆయన మా ఊరికి వస్తే, కారు మీద నెమ్మదిగా తిరిగే ఆ ఎర్ర బుగ్గను చూపించడానికి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తేవారు. కొన్నేళ్ల కింద పెద్దపెద్ద వాళ్ల కార్ల మీది బుగ్గలన్నీ తీసేయమన్నారు. తీసేశారు. మరి ఆ వెలుగంతా ఎటు పోయింది? జనానికి పంపకమైంది! భూమి పంచుతామన్నారు, పంచలేదు. కొలువులు పంచుతామన్నారు, ఇంకా పంచుతూనే ఉన్నారు. బుగ్గలు మాత్రం ఇంటింటికీ అందాయి. ప్రజాస్వామ్యం అంటే ఇది కాక మరేమిటి?

ఈ పంపకంలో మా మండలానికి జరిగిన మేలంతా ముఖీత్ చలవే. బస్టాండు పక్కన అతని షాపు. బండి ఏదైనా సరే, అరగంట ఆపితే చాలు, లైట్లు బిగించి పంపిస్తాడు. ఒకరోజు బస్సు కోసం ఆగి, అతని పని చూస్తూ కూర్చున్నాను. ఎర్ర తీగ బ్యాటరీ దగ్గర బయలుదేరింది. ఫ్యూజు దగ్గర ఆగింది. స్విచ్చు దగ్గర అనుమతి తీసుకుని, చిన్న నల్ల డబ్బాలోకి దూరి, అక్కడి నుంచి లైటుకు చేరింది. నల్ల తీగను బండి ఇనుముకే బిగించాడు. ఎంత క్రమశిక్షణ! మా ఆఫీసుల్లో కాగితం కూడా ఇంత పద్ధతిగా నడవదు.

"గీ డబ్బల ఏమున్నది నాయినా?" అని అడిగాను.

"గండ్లనే ఉన్నది పెద్దమ్మా అసలు కథ. లైటు ఎట్ల కొట్టుకోవాల్నో గదే చెప్తది. పదహారు రకాల కొట్టుడు ఉంటది. పోలీసోళ్లదొకటి, ఫైరింజన్‌దొకటి, అంబులెన్సుదొకటి. గిరాకి ఏదంటె గది పెడ్త."

"అందరు ఏదడుగుతరు?"

"పోలీసోళ్లదే. అంబులెన్సుది ఒక్కడడగడు. పెట్టబోతే చెయ్యి పట్టుకుంటరు. అపశకునమంట!"

చూశారా, మా వాళ్ల తెలివి? వెలుగు కావాలి, శకునం చూసుకోవాలి. రెండూ కుదిరిన వెలుగే పెట్టుకుంటారు.

ఇప్పుడు మా రోడ్డు మీద నిలబడి చూడండి, కళ్లు చెదురుతాయి! నీళ్ల ట్యాంకరుకు లైట్లు. బోరు లారీకి లైట్లు. గడ్డిమోపు కట్టుకొచ్చే మోపెడుకు లైట్లు. ఆ మోపు కింద మనిషి కనబడడు, లైటు కనబడుతుంది. మేళ్లచెరువు దిక్కు నుంచి వచ్చే సిమెంటు లారీలకైతే ముందొక వరుస, వెనకొక వరుస, చక్రాల మధ్య ఇంకో వరుస. వచ్చేది లారీయో జాతరో దగ్గరికి వచ్చేదాకా తెలియదు. యాదగిరిగుట్టకు పోయే జీపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. స్వామి కొండ మీది నుంచి చూసి, ఇంతమంది పోలీసులు తన కోసమే వస్తున్నారని కంగారు పడకపోతే చాలు.

మా మరిది కురుమయ్య కూడా వెనకబడలేదు. వడ్లు అమ్మగానే ట్రాక్టరు తీసుకుపోయి ముఖీత్ దగ్గర ఎరుపు నీలం లైట్లు పెట్టించాడు. పోలీసు కొట్టుడే. ఆ సాయంత్రం పొలం నుంచి ఇంటికి ఆరు చుట్లు తిరిగాడు. పని ఏమీ లేదు.

"ఎందుకే మరిదీ గీ లైట్లు?" అంటే, "ఎదురుంగ వచ్చెటోడు జరుగుతడు వదినె. మర్యాద!" అన్నాడు.

అతని భార్య సుక్కమ్మ మాత్రం, "నెత్తి మీద బుగ్గ పెట్టిండు, కాళ్లకు చెప్పులేసుకోడు" అని మూతి తిప్పింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

నాకు జరిగిన మేలు కూడా చెప్పాలి. మా ఇంటి కిటికీ రోడ్డు వైపు ఉంటుంది. సాయంత్రం అక్కడ కూర్చుని పుస్తకం పట్టుకుంటే, ఒక అక్షరం ఎరుపులో కనబడుతుంది, తర్వాతి అక్షరం నీలంలో కనబడుతుంది. మధ్యలో లైటు ఆరినప్పుడు వచ్చే అక్షరాన్ని ఊహించుకోవాలి. చదువుకు ఊహ ముఖ్యమని నాకు అక్షరాలు నేర్పిన స్వర్ణ టీచర్ ఎప్పుడూ చెప్పేది.

అంబులెన్సు ముందు భాగాన దాని పేరు తిరగేసి రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. యాభై మూడో ఏట పలక పట్టిన కొత్తలో నేనూ అట్లాగే తిరగేసి రాసేదాన్ని. ఎవరో నాలాంటి వాళ్లకే ఆ రాతపని ఇచ్చారని చాలా సంతోషపడ్డాను. తర్వాత స్వర్ణ టీచరే చెప్పింది, ముందు పోయే బండి డ్రైవరు అద్దంలో చూసుకుంటే ఆ పేరు సరిగ్గా కనబడి, పక్కకు జరుగుతాడట! ఎంత అమాయకత్వం! మా దగ్గర బండి అద్దం ఉన్నది తల దువ్వుకోవడానికి. ఆటోల్లో అయితే వెనక కూర్చున్న వాళ్లను చూడటానికి. రోడ్డు చూడటానికి అద్దం ఎందుకు?

పేరు చదవలేకపోయినా, అంబులెన్సు భాష మాత్రం మా ఊళ్లలో అందరికీ వచ్చు. లైటు కొట్టుకుంటూ పోయిందంటే లోపల ప్రాణం కొట్టుకుంటున్నదని. అదే బండి లైటు ఆర్పుకుని, చప్పుడు లేకుండా ఊళ్లోకి తిరిగి వచ్చిందంటే ఇక ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఆడవాళ్లు పొయ్యి మీది ఎసరు దించేస్తారు. లైటు ఆగిందంటే మనిషి ఆగినట్టే. మా ఆయన కూడా అట్లాగే తిరిగొచ్చాడు.

సరే, కబుర్లలో పడి అసలు సంగతి మరిచిపోతున్నాను. ఈ లైట్ల మహిమ నాకు పూర్తిగా బోధపడింది కురుమయ్యను పాము కరిచిన రోజున.

కార్తీకంలో కోతలు నడుస్తున్నాయి. కురుమయ్య పొలంలో గడ్డి కట్ట లేపాడు, దాని కింద రక్తపింజర. కాళ్లకు చెప్పులు లేవు. మండలం దవాఖానకు తీసుకుపోయేసరికి పిక్క దాకా వాచింది. డాక్టరమ్మ మొదటి సూది వేసి, సెలైన్ పెట్టి, అంబులెన్సు ఎక్కించింది.

"గంటల నల్లగొండ చేరాలె. గంట దాటితే నా చేతులల్ల లేదు" అన్నది.

నల్లగొండ ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. గంట అంటే చాలా ఎక్కువే కదా! లైట్లున్న బండి కదా!

బండి నడిపేది డానియల్. వెనక నర్సు ఇఫ్రా సెలైన్ చూసుకుంటున్నది. సుక్కమ్మ మొగుడి తల దగ్గర కూర్చుని, "చెప్పులేసుకోమంటె ఏసుకున్నడా? నా మాటంటె గడ్డిపోస" అని తిడుతూ, మధ్యమధ్య కొంగుతో అతని నుదురు తుడుస్తున్నది. నేను ముందు సీట్లో. ఒళ్లో సంచి, సంచిలో పొద్దున అంగడిలో కొన్న పేలాల పొట్లం.

బయలుదేరినప్పుడు మా లైట్లు ఎంత ముచ్చటగా కొట్టుకున్నాయో! ఎరుపు, నీలం, ఎరుపు, నీలం. రోడ్డంతా మాదే అనిపించింది.

రెండు కిలోమీటర్లు పోగానే ముందు ఎల్లేష్ కోళ్ల వ్యాను. దాని నెత్తినా అవే లైట్లు. డానియల్ హారన్ కొట్టాడు, సైరన్ పెంచాడు. వ్యాను జరగలేదు సరికదా, వేగం పెంచింది! మేము కుడికి పోతే కుడికి, ఎడమకు పోతే ఎడమకు. కోళ్లన్నీ మా వైపు తిరిగి అరుస్తున్నాయి. నాలుగు కిలోమీటర్ల తర్వాత మలుపులో ఎల్లేష్ తల బయటపెట్టి చూసి, అప్పుడు పక్కకు తీశాడు.

"అంబులెన్సా! నేను పోటీ కోళ్ల బండి అనుకున్ననే! ముందుగల్ల చెప్పొద్దా అన్నా?"

"నెత్తి మీద పెట్టుకొని చెప్పుకుంటనే వస్తున్న గదరా!"

"గది అందరు చెప్తుండ్రు గదన్నా" అన్నాడు ఎల్లేష్.

ఎంత నిజం! సమానత్వం వచ్చాక ఇక ఎవరు ఎవరికి జరగాలి?

తర్వాత బాలకృష్ణ గారి కారు. ఈయన మా సర్పంచ్ గారి భర్త. సర్పంచ్ నాగులమ్మను ఊళ్లో ఎవరూ ఎక్కువగా చూడలేదు; సంతకాల్లో చూస్తాం. బాలకృష్ణ గారు మాత్రం ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటారు, లైట్లతో సహా. మా అంబులెన్సు వెనకగా రాగానే ఆయన కారు నెమ్మదించింది. హమ్మయ్య, దారిస్తున్నారనుకున్నాం. కారు సరిగ్గా రోడ్డు మధ్యకు వచ్చింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటకు వచ్చింది. పొలాల్లో కోతలు కోసే వాళ్లందరికీ ఆ చెయ్యి దండం పెడుతూ, ఊగుతూ ఉంటే, కారు పదిహేను స్పీడు మీద సాగిపోతున్నది!

డానియల్ తల కొట్టుకున్నాడు. "పెద్దమ్మా, గాయిన మనల్ని ఎస్కార్ట్ అనుకుంటుండు!"

వెనక నుంచి కురుమయ్య మూలిగాడు. "ఎవడు బిడ్డా వాడు? గింత లైటు కొడుతుంటె వానికి కనబడ్తలేదా?"

"కనబడుతది కాకా. వానికీ ఉన్నయి లైట్లు. నీ ట్రాక్టరుకు లేవా?" అన్నాడు డానియల్.

"నా ట్రాక్టరు నీకెట్ల ఎరుక?"

"ఎరుక లేకేంది? శ్రావణంల వాగు కాడ నువ్వే గద నాకు దారియ్యంది. రెండు కిలోమీటర్లు నీ ఎనుకనే వచ్చిన. లోపల నొప్పులు పడే పిల్ల ఉండె. ఫికర్ జెయ్యకు, తల్లీ బిడ్డ మంచిగనే ఉన్నరు."

కురుమయ్య కళ్లు మూసుకున్నాడు. నొప్పి వల్లే కాదనుకుంటాను.

బాలకృష్ణ గారు ఆరు కిలోమీటర్లు మాకు ముందు నడిచి, ఒక ఫంక్షన్ హాలు దగ్గర ఆగారు. దిగి, వెనక్కి తిరిగి మాకు చెయ్యి ఊపి, ఇక పొమ్మన్నట్టు సైగ చేశారు. ఎటు పోవాలి? అక్కడ బరాత్!

రోడ్డు నిండా జనం. మధ్యలో డీజే కట్టిన డీసీఎం వ్యాను. దాని మీద లెక్కలేనన్ని లైట్లు, అన్నీ ఎరుపు నీలం. పెండ్లికొడుకు గుర్రం మీద. పొద్దు గుంకుతున్నది. పదిహేడు కిలోమీటర్లు వచ్చేసరికి నలభై నిమిషాలు అయిపోయాయి. ఇంకా పదకొండు కిలోమీటర్లు.

డానియల్ సైరన్ పూర్తిగా పెంచాడు. డ్యాన్సు చేస్తున్న వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి.

"అరే, ఇంకో డీజే వచ్చిందిరోయ్!"

సగం మంది వచ్చి మా ముందు ఆడటం మొదలుపెట్టారు! నిజం చెప్పాలంటే బాగానే ఆడారు. నల్లద్దాలు పెట్టుకున్న ఒకాయన బానెట్ మీద దరువు వేస్తూ, "అన్నా, ఎంతసేపు గీ కుయ్ కుయ్ పాట? జర వేరేది పెట్టు!" అన్నాడు.

"పేషంట్ ఉన్నడు!" అని అరిచాడు డానియల్.

"పేషంటా? కొత్త పాటనా? గదే పెట్టు!"

వెనక నుంచి ఇఫ్రా కేకేసింది. "డానియలన్నా, బీపీ పడిపోతాంది. ఎంతసేపన్నా ఇంక?"

డానియల్ స్టీరింగ్ మీద తల ఆనించాడు. తర్వాత తల ఎత్తి, "గీ లైటెందుకు, గీ సైరనెందుకు" అని రెండు స్విచ్చులూ ఆపేశాడు.

మా కుయ్ కుయ్ ఆగింది. అద్దాల మీద తిరుగుతున్న ఎరుపు నీలం ఆగిపోయింది.

లైటు ఆగిందంటే మనిషి ఆగినట్టే అని చెప్పాను కదా? సుక్కమ్మకూ ఆ భాష వచ్చు. కళ్లు మూసుకున్న మొగుణ్ని ఒకసారి చూసింది. ఆరిపోయిన లైటును ఒకసారి చూసింది. ఇక ఆమె గొంతులోంచి వచ్చిన ఏడుపు ముందు ఆ డీజే ఏం పనికొస్తుంది!

"ఓ నా రాజా... నన్నిడిసి పోతివా నా రాజా... బంగారమసొంటి మనిషివి నా రాజా... నోట్లె నాలుకె లేనోనివి... ఒక్కనాడు నన్ను పల్లెత్తు మాట అనకపోతివి నా రాజా..."

డీజే ఆగింది.

నల్లద్దాల ఆయన అద్దాలు తీసేశాడు. పెండ్లికొడుకు గుర్రం దిగి చేతులు జోడించాడు. ముసలాయన ఒకడు, "శవం ఎదురైతే మంచిదే, పెండ్లోళ్లకు కలిసొస్తది, జరుగుండ్రి" అని పిల్లల్ని పక్కకు లాగాడు. అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చింది బాలకృష్ణ గారు. కండువా నడుముకు చుట్టుకుని, రెండు చేతులతో జనాన్ని నెడుతూ, "దారియ్యుండ్రి! దారియ్యుండ్రి! శవం వస్తాంది! మా ఊరి సుక్కమ్మ గొంతు లెక్కున్నది... అయ్యో, మన కురుమయ్యనా!" అన్నారు.

దువ్వెనతో పాపిట తీసినట్టు రోడ్డు రెండుగా విచ్చుకుంది. డానియల్ ఒక్క క్షణం నోరు తెరిచి చూశాడు. తర్వాత గేరు వేశాడు.

రెండు వందల గజాలు పోయామో లేదో, కురుమయ్య కళ్లు తెరిచాడు.

"ఎవలే సచ్చింది?"

సుక్కమ్మ ఏడుపు మధ్యలో తెగింది. "నువ్వే."

"నేనా?"

"సావలేదా?"

"ఎవలు చెప్పిన్రు నీకు?"

"లైటు చెప్పింది!"

ఏడుపు ఆగింది కదా, వెంటనే ముందు పోతున్న నీళ్ల ట్యాంకరు దర్జాగా రోడ్డు మధ్యకు వచ్చింది. నాకు అప్పుడు తెలివి వచ్చింది. వెనక్కి తిరిగి అరిచాను.

"సుక్కీ, ఆపకు! ఏడువ్!"

"బతికుండంగ ఎట్లేడువాలక్కా? అపశకునం గాదా?"

"ఇప్పుడేడువకపోతె రేపు నిజంగనె ఏడువాల్సొస్తది!"

సుక్కమ్మకు ఇక చెప్పాల్సిన అవసరం రాలేదు. ఏడుపు అందుకున్నది. నేను సంచిలోంచి పేలాల పొట్లం తీసి, శవయాత్రలో చల్లినట్టు కిటికీలోంచి గుప్పెడు గుప్పెడు చల్లడం మొదలుపెట్టాను. ట్యాంకరు అద్దంలో చూసింది. అవునండీ, అద్దంలోనే! పక్కకు జరిగి, ఆగి, డ్రైవరు దిగి చేతులు కట్టుకున్నాడు. ఎదురొచ్చే సిమెంటు లారీ మట్టిలోకి దిగిపోయి దారిచ్చింది. మోపెడు మీది గడ్డిమోపు ఆగింది. మోపు కింద మనిషి ఉన్నాడని అప్పుడు తెలిసింది, ఎందుకంటే రెండు చేతులు బయటకు వచ్చి దండం పెట్టాయి.

కురుమయ్య ఆశ్చర్యంతో తల ఎత్తి చూడబోయాడు. ఇఫ్రా భుజం పట్టి పడుకోబెట్టింది. "కాకా, లేవకు. కిటికీల నుంచి కనబడుతవు. జర సచ్చినట్టు పండు!"

చచ్చినట్టు పడుకున్నాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మూడు కిలోమీటర్లు పోయేసరికి సుక్కమ్మ దగ్గర మొగుడి గుణాలు అయిపోయాయి. ముప్పై నాలుగేళ్ల కాపురానికి మూడు కిలోమీటర్లు అంటే తక్కువేమీ కాదు. కానీ ఇంకా ఎనిమిది మిగిలి ఉన్నాయి. రాగం ఆపితే దారి పోతుంది. అందుకని అదే రాగంలో ఉన్నదున్నట్టు మొదలుపెట్టింది.

"చెప్పులేసుకోమంటె ఏసుకోకపోతివి నా రాజా... బీడీలిడువుమంటె ఇడువకపోతివి... మా అన్న బిడ్డ పెండ్లికి మా ఊరికి రాకపోతివి నా రాజా... ట్రాక్టరుకు లైట్లెందుకంటె ఇనకపోతివి..."

కింది నుంచి నీరసంగా గొంతు వచ్చింది. "నా సావు మీద కూడ తిట్టుడేనా?"

"నోరు ముయ్యి, నువ్వు సచ్చినవ్! ఓ నా రాజా..."

నల్లగొండలోకి పోయే చౌరస్తా దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు నాలుగు దిక్కులా బండ్లు ఆపి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. టీ కొట్టు దగ్గర ఒకాయన, "శవానికి గంత స్పీడెందుకురా?" అంటుంటే, పక్కాయన, "పోస్టుమార్టానికేమో. లేటైతే రేపటిదాంక పండబెడ్తరు, పాపం" అన్నాడు. చచ్చినవాడు ఒక్క రాత్రి ఆగాల్సి వస్తుందని అంత జాలి! మా వాళ్ల మనసు వెన్న అండీ.

పదకొండు కిలోమీటర్లు, పన్నెండు నిమిషాలు!

పెద్ద దవాఖాన గేటు దగ్గర ఒక్క చిన్న ఇబ్బంది వచ్చింది. వాచ్‌మన్ ఏడుపు విని చెయ్యి అడ్డం పెట్టాడు. "శవాలకు ఎనుక గేటు." ఇక కురుమయ్య ఓర్చుకోలేక లేచి కూర్చున్నాడు. "ముంగటి గేటే తెరువురా!" వాచ్‌మన్ చేతిలో కర్ర ఎక్కడ పడిందో నేను చూడలేదు. గేటు మాత్రం తెరుచుకుంది.

గంటకు ఇంకా మూడు నిమిషాలు మిగిలి ఉండగా రెండో సూది పడింది. డాక్టరు కాలు చూసి, కాగితాలు చూసి, "ఇంకో పావుగంట అయితే కిడ్నీలు చేతికి రాకపోతుండె. మంచిగ తెచ్చిన్రు. రోడ్డు ఖాళీ ఉండెనా?" అని అడిగాడు.

"ఖాళీ చేయించినం సారూ" అన్నాడు డానియల్.

ఐదో రోజున కురుమయ్యను ఇంటికి తెచ్చుకున్నాం. బస్సు దిగగానే ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ. చేతులు జోడించిన బాలకృష్ణ గారి నిలువెత్తు ఫొటో. ఒక మూలన, పట్టా పాసుబుక్కులోంచి తీసిన కురుమయ్య ఫొటో, చిన్నది. ఫ్లెక్సీ చుట్టూ ఎరుపు నీలం లైట్లు కొట్టుకుంటున్నాయి. ఆ కొట్టుడు నాకు కొత్తగా అనిపించి ముఖీత్‌ను అడిగితే, "అంబులెన్సు కొట్టుడు పెద్దమ్మా. ఇన్నేండ్లల్ల అడిగిన మొదటి గిరాకి బాలకృష్ణన్ననే. సావుకు గదే సూటయితదన్నడు" అన్నాడు.

కురుమయ్య కర్ర మీద ఆనుకుని చాలాసేపు చూశాడు. "ఏమి రాసిన్రు వదినె?"

కూడబలుక్కుంటూ చదివాను. "అందరికీ దారి చూపిన మహానుభావుడు కురుమయ్య గారికి శ్రద్ధాంజలి."

"దారి చూపిననా?"

"గట్లనే రాసిన్రు."

మర్నాడు కురుమయ్య కర్ర పట్టుకుని, ట్రాక్టరు మీద ముఖీత్ షాపుకు పోయి, లైట్లు విప్పేయమన్నాడు. ముఖీత్ రెండుసార్లు అడిగాడట. "ఖరాబైనయా కాకా?" "మంచిగనే ఉన్నయి, అందుకే" అన్నాడట కురుమయ్య. విప్పిన లైట్లు ఎవరు కొనుక్కున్నారో చెప్పాలా? ఇప్పుడు బాలకృష్ణ గారి కారు మీద రెండు జతలు.

అందుకని పెద్దలకు నా విన్నపం ఏమిటంటే, ఎవరి లైట్లూ తీయించకండి! కోళ్లకు ఉండనీయండి, నీళ్లకు ఉండనీయండి, గడ్డికి ఉండనీయండి. పనికి రాకుండా ఉన్నవి ఒక్క అంబులెన్సు లైట్లే. వాటినే తీసేయండి. ముఖీత్ అరగంటలో విప్పుతాడు. వాటి జాగాలో బండికొక ఏడ్చే మనిషిని పెట్టండి. రెండు సేర్ల పేలాలు ఇవ్వండి. బ్యాటరీ గుంజదు, ఫ్యూజు పోదు, అపశకునం అసలే కాదు. సుక్కమ్మ ఈ కొలువుకు తయారుగా ఉంది. ఈసారి ఇరవై ఎనిమిది కిలోమీటర్లకూ సరిపడా గుణాలు మొగుడి దగ్గర వెతికి పెట్టుకుంటున్నది. కురుమయ్య కూడా ఒకటి రెండు కొత్తగా అలవాటు చేసుకుంటున్నాడు. చెప్పులు వేసుకుంటున్నాడు.

మీరు అడగొచ్చు, బతికున్న మనిషికి జరగని వాళ్లం శవానికి ఎందుకు జరుగుతామని. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? బతికున్నవాడికి దారిస్తే మనల్ని దాటి ముందుకు పోతాడు. శవం ఎంత ముందుకు పోయినా మనకు నష్టం లేదు!

ఏడేళ్ల కింద మా ఆయనను తీసుకుపోయినప్పుడు నాకు ఈ ఉపాయం తెలియదు. బండిలో మర్యాదగా నోరు మూసుకుని కూర్చున్నాను. లైట్లు చక్కగా కొట్టుకుంటూనే ఉన్నాయి, ముందున్న బండ్లవీ కొట్టుకుంటూనే ఉన్నాయి. ఏడుపు ఊరికి తిరిగొచ్చాక మొదలుపెట్టాను. అప్పుడు అందరూ జరిగి దారిచ్చారు.

కురుమయ్య అదృష్టవంతుడు. పదకొండు కిలోమీటర్లే చచ్చాడు.